వెలుగును ఆకు ఎక్కడ దాచుకుంటుంది? థైలకాయిడ్ పొరపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒకే బాధ. జెడ్ స్కీమ్ (ఎలక్ట్రాన్లు సాగే దారిని చూపే బొమ్మ) బాణాలు అందరికీ నోటికి వచ్చేస్తాయి. ఆ బాణాలన్నీ థైలకాయిడ్ అనే ఒక సంచి గోడలో ఉన్నాయన్న సంగతి మాత్రం జారిపోతుంది. నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఆ సంచే. దాని గురించి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, తోటి లెక్చరర్లు నన్ను అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

వెలుగును దాచుకునేది పత్రహరితమే కదా? మధ్యలో పొర ఎందుకు?

పత్రహరితం వెలుగును పట్టుకుంటుంది, దాచుకోలేదు. ఇది మీరే చూడవచ్చు. నాలుగైదు పాలకూర ఆకులను మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నూరి, వడకట్టి, గాజు గ్లాసులో పోయండి. స్పిరిట్ మండే గుణమున్నది కాబట్టి పొయ్యికి దూరంగా చేయాలి. ఇప్పుడు చీకటి గదిలో, నోట్లు పరీక్షించే యూవీ లైటు దాని మీద వేయండి. ఆకుపచ్చ ద్రవం ఎర్రగా వెలుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరూ నమ్మరు.

ఆ ఎరుపు పత్రహరితం తిరిగి బయటికి వదిలేస్తున్న శక్తి. వెలుగు పడగానే పత్రహరితంలోని ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది. అక్కడ అది ఉండగలిగేది సెకనులో వంద కోట్ల వంతుల్లో కొన్ని మాత్రమే. ఈలోపు అందుకునేవాళ్లు లేకపోతే కిందికి పడిపోతుంది, శక్తి ఎర్రటి వెలుగుగానో వేడిగానో పోతుంది. బతికున్న ఆకులో ఇలా ఎరుపుగా పోయేది ఒకటి రెండు శాతం మించదు. గ్లాసులోనూ అదే పత్రహరితం ఉంది, లేనిది పొర. స్పిరిట్ ఆ పొరను కరిగించేసింది.

హరితరేణువుకు ఎన్ని పొరలుంటాయి? మీరు చెప్పేది ఏ పొర?

మూడు. హరితరేణువు అంటే ఆకు కణంలో పత్రహరితం ఉండే భాగం. దాని బయట రెండు పొరలు కవచంలా చుట్టి ఉంటాయి. వాటి లోపలి ద్రవాన్ని మన పుస్తకాల్లో అవర్ణిక అంటారు, స్ట్రోమా అన్నా అదే. ఆ ద్రవంలో బల్లపరుపు సంచుల్లా ఉండేవి థైలకాయిడ్లు. కొన్నిచోట్ల ఇవి పళ్లెం మీద పళ్లెం పెట్టినట్టు దొంతరగా ఉంటాయి, అదే గ్రానమ్. సంచి లోపలి ఖాళీ పేరు ల్యూమెన్. శక్తి నిలిచేది ఈ మూడో పొరకు అటూ ఇటూ. బయటి రెండు కవచాలకు ఆ పనిలో భాగం లేదు. పరీక్షలో చాలామంది ఇక్కడే తప్పుతారు.

సరే, దాచేది ఏమిటి? పొరలో వెలుగు ఎలా ఉంటుంది?

వెలుగు వెలుగుగా ఉండదు. సంచి లోపల ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ అయాన్లు ఎక్కువ, బయట తక్కువ. ఈ తేడాయే నిల్వ. దీన్ని పీహెచ్‌తో కొలుస్తారు, పీహెచ్ ఎంత తక్కువైతే ప్రోటాన్లు అంత ఎక్కువ. వెలుగులో ఉన్న ఆకులో ల్యూమెన్ పీహెచ్ సుమారు 6కి, ఇంకా ఎండ ఎక్కువైతే అంతకన్నా కిందికి దిగుతుంది. స్ట్రోమా పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. పీహెచ్‌లో 2 తేడా అంటే గాఢతలో 100 రెట్ల తేడా. అంత తేడాను పట్టి ఉంచే గోడ మందం 4, 5 నానోమీటర్లే. మీటరులో వంద కోట్ల వంతు ఒక నానోమీటర్.

ప్రోటాన్‌కు ధన విద్యుదావేశం ఉంది కాబట్టి పొరకు రెండు వైపులా కొంత వోల్టేజీ కూడా ఏర్పడుతుంది. పీహెచ్ తేడా, వోల్టేజీ రెండూ కలిస్తే దాన్ని ప్రోటాన్ చాలక బలం అనవచ్చు. ప్రోటాన్లు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు దిగాలని చూస్తాయి. పొర వాటిని దిగనివ్వదు. ఆ పట్టుదలలోనే శక్తి ఉంది.

ప్రోటాన్లు సంచి లోపలికి ఎలా చేరతాయి?

రెండు దారులు. ఈ జవాబు కొంచెం నెమ్మదిగా చదవండి.

మొదటిది నీటి విచ్ఛిత్తి. పొరలో వెలుగును పట్టి ఎలక్ట్రాన్లను కదిలించే ప్రోటీన్ గుంపులు రెండు రకాలు, వాటినే కాంతి వ్యవస్థలు అంటారు. రెండో కాంతి వ్యవస్థకు ల్యూమెన్ వైపున నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువులతో చిన్న గుత్తి ఉంటుంది. అది రెండు నీటి అణువులను చీల్చి ఒక ఆక్సిజన్ అణువును, నాలుగు ఎలక్ట్రాన్లను, నాలుగు ప్రోటాన్లను ఇస్తుంది. ఆక్సిజన్ బయటికి పోతుంది, ప్రోటాన్లు సంచిలోనే మిగులుతాయి. ల్యాబులో గరాటు కింద హైడ్రిల్లా పెట్టి బుడగలు లెక్కపెట్టిన ప్రయోగం గుర్తుందా? ఆ బుడగలోని ఒక్కో ఆక్సిజన్ అణువు వెనకాల నాలుగు ప్రోటాన్లను సంచిలో వదిలి వచ్చింది.

రెండో దారి ప్లాస్టోక్వినోన్. ఇది పొర కొవ్వులోనే ఈదే చిన్న అణువు. ఎలక్ట్రాన్లు తీసుకునేటప్పుడు స్ట్రోమా వైపు నుంచి ప్రోటాన్లను కూడా పట్టుకుంటుంది. పొరను దాటి సైటోక్రోమ్ బీ6ఎఫ్ అనే ప్రోటీన్ గుంపు దగ్గర ఎలక్ట్రాన్లు అప్పగించేటప్పుడు ప్రోటాన్లను ల్యూమెన్‌లోకి వదిలేస్తుంది. ఒక్కో ఎలక్ట్రాన్‌కు రెండు ప్రోటాన్లు లోపలికి చేరేలా అక్కడ ఒక చిన్న చక్రం నడుస్తుంది, దాని పేరు క్యూ చక్రం. మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ఆలస్యమయ్యే మెట్టు ఇదే, కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఎండ తీవ్రమైతే ఎలక్ట్రాన్లు బారులు తీరేది ఇక్కడే.

నాలుగు ఎలక్ట్రాన్లకు లెక్క వేయండి: నీటి నుంచి 4, క్యూ చక్రం నుంచి 8, మొత్తం 12 ప్రోటాన్లు. ఇందుకు ఎనిమిది ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు ఖర్చవుతాయి. చివర ఆ ఎలక్ట్రాన్లు రెండు ఎన్ఏడీపీహెచ్ అణువులను (చక్కెర తయారీకి ఎలక్ట్రాన్లను మోసుకెళ్లేవి) తయారుచేస్తాయి. ఆ తయారీలో స్ట్రోమా వైపు ప్రోటాన్లు కొన్ని ఖర్చవుతాయి కాబట్టి తేడా ఇంకొంచెం పెరుగుతుంది.

డ్యామ్‌తో పోలుస్తారు. అది సరైన పోలికేనా?

చాలావరకు సరైనదే. నేనైతే మామూలు డ్యామ్ కాకుండా శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం ఉదాహరణ చెబుతాను. అక్కడి టర్బైన్లు రెండు వైపులా పనిచేస్తాయి. నీళ్లు దిగితే కరెంటు వస్తుంది, కరెంటు ఇస్తే నీళ్లను పైకి తోడతాయి. థైలకాయిడ్ పొరలోని ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ యంత్రం కూడా అలాంటిదే. ప్రోటాన్లు దాని గుండా దిగితే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువు ఏటీపీ తయారవుతుంది. తేడా తగ్గిపోతే అదే యంత్రం వెనక్కి తిరిగి ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను లోపలికి తోడగలదు.

పోలిక తప్పేది నిల్వ పరిమాణం దగ్గర. రిజర్వాయర్‌లో నెలల తరబడి నీళ్లుంటాయి. సంచిలో నిల్వ సెకన్లది. పైగా లోపలి ప్రోటాన్ల సంఖ్య వింటే ఆశ్చర్యపోతారు. అర మైక్రోమీటర్ వెడల్పు, 10 నానోమీటర్ల లోతు ఉన్న ఒక పళ్లెం తీసుకుని, పీహెచ్ 6 అనుకుని లెక్క కడితే లోపల స్వేచ్ఛగా ఉండే ప్రోటాన్ సగటున ఒక్కటే! మిగతావన్నీ ప్రోటీన్ల మీది ఆమ్ల గుంపులకు అతుక్కుని, కావాల్సినప్పుడు వదులుతూ ఉంటాయి. కాబట్టి సంచి నిండా ప్రోటాన్లు కిక్కిరిసి ఉన్నట్టు బొమ్మ గీయడం తప్పు. నేను కూడా చాలా ఏళ్లు బోర్డు మీద అలాగే గీశాను.

పొరకు ఇరువైపులా తేడాయే శక్తి అని ఎవరు కనిపెట్టారు? ఎలా నిరూపించారు?

ఈ కథ చెప్పడం నాకు చాలా ఇష్టం.

1954లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో డేనియల్ ఆర్నన్ బృందం విడిగా తీసిన హరితరేణువుల మీద వెలుగు వేస్తే ఏటీపీ తయారవుతుందని చూపింది. ఎలా అన్నది మాత్రం తెలియలేదు. ఎలక్ట్రాన్ల ప్రయాణానికీ ఏటీపీ తయారీకీ మధ్య అధిక శక్తి గల ఒక రసాయన పదార్థం ఉండాలని అప్పటి శాస్త్రవేత్తలందరి నమ్మకం. దాని కోసం ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు.

1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అలాంటి పదార్థమే లేదన్నాడు. మధ్యలో ఉన్నది పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడా మాత్రమే అన్నాడు. మన పుస్తకాల్లో రసాయన ద్రవాభిసరణ పరికల్పన అని ఉండేది ఇదే. మొదట్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు.

అమెరికాలో ఆండ్రే జాగెండార్ఫ్ పాలకూర హరితరేణువుల మీద పనిచేస్తున్నాడు. 1963లో ఆయన, జెఫ్రీ హైండ్ ఒక విషయం గమనించారు. ముందు వెలుగు వేసి, దాన్ని ఆపేశాక చీకట్లో ఏటీపీకి ముడిసరుకులైన ఏడీపీ, ఫాస్ఫేట్ కలిపినా ఏటీపీ వస్తోంది. అంటే వెలుగు శక్తి ఎక్కడో కాసేపు నిలిచి ఉంది. ఎక్కడ?

1966లో జాగెండార్ఫ్, ఎర్నెస్ట్ యురీబ్ వెలుగును పూర్తిగా పక్కనపెట్టేశారు. హరితరేణువులను చీకట్లోనే పీహెచ్ 4 ఉన్న ఆమ్ల ద్రావణంలో నానబెట్టారు. సంచుల లోపల కూడా ఆమ్లం చేరింది. తర్వాత ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రావణంలోకి ఒక్కసారిగా మార్చారు. ఒక్క ఫోటాన్ కూడా పడకుండానే ఏటీపీ తయారైంది. లోపల ఆమ్లం, బయట క్షారం, మధ్యలో పొర. ఏటీపీ తయారీకి అదే సరిపోయింది, వెలుగు చేసే పని ఆ తేడాను సృష్టించడమేనని తేలింది.

ఇంకా సందేహమున్నవాళ్లకు 1974లో మరో ప్రయోగం వచ్చింది. ఎఫ్రైమ్ రాకర్, వాల్తర్ స్టోకెనియస్ కృత్రిమ కొవ్వు బుడగలు తయారుచేసి, వాటి గోడలో ఉప్పునీటి సూక్ష్మజీవి నుంచి తీసిన, వెలుగుతో ప్రోటాన్లను తోడే ప్రోటీన్‌ను, ఎద్దు గుండె మైటోకాండ్రియా (కణంలో ఆహారం నుంచి శక్తి తీసే భాగాలు) నుంచి తీసిన ఏటీపీ సింథేజ్‌ను పెట్టారు. ఎక్కడెక్కడివో రెండు భాగాలు. వాటికి ఉమ్మడిగా ఉన్నది ఒకే పొర, దాని ఇరువైపులా ప్రోటాన్లు. వెలుగు వేస్తే ఏటీపీ వచ్చింది. 1978లో మిచెల్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఏటీపీ సింథేజ్ నిజంగానే తిరుగుతుందా, లేక అర్థం కావడానికి అలా చెబుతారా?

నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు వేడినీటి బ్యాక్టీరియా నుంచి ఈ యంత్రం తలభాగాన్ని తీసుకుని, దాని ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగు తగిలించి, మైక్రోస్కోప్ కింద తిరగడం కళ్లతో చూశారు. ఆ ఏడాదే పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు ఈ యంత్రం పనితీరు వివరించినందుకు నోబెల్‌లో వాటా దక్కింది.

పాలకూర హరితరేణువులో పొరలోపలి చక్రానికి 14 భాగాలుంటాయి. ఒక్కో ప్రోటాన్ ఒక్కో భాగాన్ని ముందుకు జరుపుతుంది. పూర్తి చుట్టు తిరిగితే మూడు ఏటీపీలు వస్తాయి. అంటే ఒక ఏటీపీకి సుమారు 4.7 ప్రోటాన్లు. ఆవు మైటోకాండ్రియాలో ఆ చక్రానికి ఎనిమిది భాగాలే, అంటే ఏటీపీకి 2.7 ప్రోటాన్లే. చూడటానికి ఆకు దుబారా చేస్తున్నట్టు ఉంటుంది. గేర్ల సైకిల్ తొక్కినవాళ్లకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. చిన్న గేరులో ఎక్కువసార్లు తొక్కాలి, కానీ తక్కువ బలంతో ఎత్తు ఎక్కేయవచ్చు. పీహెచ్ తేడా 2 ఉంటే ఒక మోల్ ప్రోటాన్లు ఇచ్చే శక్తి సుమారు 11.4 కిలోజౌళ్లు. 4.7తో గుణిస్తే 53. కణంలో ఒక మోల్ ఏటీపీ తయారీకి కావాల్సింది సుమారు 50. తక్కువ తేడాతోనే పని జరిగిపోతుంది.

ఏటీపీకీ తెలుగువాళ్లకూ సంబంధం ఉందంటారు. నిజమేనా?

నిజమే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలపై పనిచేస్తూ 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. అంతకుముందు 1925లో ఫిస్క్, సుబ్బారావు ఫాస్ఫేట్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని తయారుచేశారు. జీవరసాయన ల్యాబుల్లో వాళ్ల పేరుతోనే పిలిచే పద్ధతి అది. ఏటీపీ అనే మూడక్షరాలు బట్టీపట్టే మన పిల్లలకు ఈ పేరు మొదట చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మైటోకాండ్రియాలో జరిగేదీ ఇదే కదా? తేడా ఏమిటి?

సూత్రం ఒక్కటే. మైటోకాండ్రియాలో నిల్వలో ఎక్కువ భాగం వోల్టేజీ రూపంలో, హరితరేణువులో ఎక్కువ భాగం పీహెచ్ తేడా రూపంలో ఉంటుంది. ప్రోటాన్లు లోపలికి వస్తుంటే క్లోరైడ్ లోపలికి, మెగ్నీషియం బయటికి కదిలి ఆవేశాన్ని చాలావరకు సర్దేస్తాయి. ఆ బయటికి వచ్చిన మెగ్నీషియం, పెరిగిన స్ట్రోమా పీహెచ్ రెండూ కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రం ఎంజైములకు మేలు చేస్తాయి. అందుకే ఆ చక్రానికి ‘నిష్కాంతి చర్య’ (వెలుగు అక్కరలేని చర్య) అనే పేరు నాకు నచ్చదు. చీకట్లో అది చాలావరకు ఆగిపోతుంది.

ప్రోటాన్ల లెక్క ప్రకారం ఏటీపీ సరిపోతుందా?

సరిపోదు. 14 ప్రోటాన్లకు 3 ఏటీపీలు కాబట్టి 12కి వచ్చేది 2.57. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును చక్కెరలోకి మార్చడానికి 2 ఎన్ఏడీపీహెచ్, 3 ఏటీపీ కావాలి. ఆ లోటు పూడ్చడానికే చక్రీయ ఎలక్ట్రాన్ ప్రవాహం. మొదటి కాంతి వ్యవస్థ నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు వెనక్కి వచ్చి మళ్లీ ప్లాస్టోక్వినోన్ ద్వారా వెళతాయి. ఎన్ఏడీపీహెచ్ రాదు, ప్రోటాన్లు మాత్రం లోపలికి చేరతాయి. ఇలా ఏటీపీ తయారవడమే చక్రీయ ఫాస్ఫారిలేషన్. అది ఎందుకుందో తెలియకుండా తేడాల పట్టిక బట్టీపట్టే పిల్లలకు ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

రాత్రి ఆ నిల్వ ఏమవుతుంది?

వెలుగు ఆగిన కొద్ది సెకన్లలోనే చాలావరకు కరిగిపోతుంది. రాత్రికి పనికొచ్చే నిల్వ పిండిపదార్థం, చక్కెరలే. ఇక సింథేజ్ వెనక్కి తిరిగి ఏటీపీని తినేసే ప్రమాదం ఉంది కదా? అందుకు తాళం ఉంది. వెలుగులో థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ ఆ యంత్రం ఇరుసులోని రెండు గంధకాల బంధాన్ని విప్పుతుంది. చీకట్లో ఆ బంధం మళ్లీ పడి యంత్రం దాదాపు ఆగిపోతుంది.

మిట్టమధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే?

అప్పుడు ప్రోటాన్ల తేడాయే ప్రమాద ఘంట అవుతుంది. ల్యూమెన్‌లో ఆమ్లత బాగా పెరిగితే రెండు మార్పులు జరుగుతాయి. పీఎస్‌బీఎస్ అనే ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది. మరో ఎంజైము వయోలాజాంథిన్ అనే పసుపు వర్ణకాన్ని జియాజాంథిన్‌గా మారుస్తుంది. దాంతో పత్రహరితం అదనంగా పట్టిన శక్తిని వేడిగా వదిలేస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే ఆ శక్తి ఆక్సిజన్ మీద పడి ఆకునే కాల్చేస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే మబ్బు పట్టి నీడ వచ్చినా ఈ వేడి వదిలే పని వెంటనే ఆగదు, నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు పంటకు నష్టమే. 2016లో అమెరికాలోని ఇల్లినాయి పొలాల్లో, ఈ పని త్వరగా ఆగేలా జన్యువులు మార్చిన పొగాకు మొక్కలు సుమారు 15 శాతం ఎక్కువ బరువు పెరిగాయి. తిండి పంటల్లో ఇది ఎంతవరకు పనికొస్తుందన్న పరిశోధన సాగుతోంది.

కలుపు మందులు ఈ పొర మీదే పనిచేస్తాయా?

కొన్ని. మొక్కజొన్న చేలల్లో వాడే అట్రజిన్, అలాగే డైయూరాన్, రెండో కాంతి వ్యవస్థలో ప్లాస్టోక్వినోన్ కూర్చోవాల్సిన చోటులో కూర్చుంటాయి. ఎలక్ట్రాన్ల దారి మూసుకుపోతుంది. పారాక్వాట్ వేరు. అది మొదటి కాంతి వ్యవస్థ దగ్గర ఎలక్ట్రాన్లను లాక్కుని ఆక్సిజన్‌కు ఇస్తుంది, అలా పుట్టిన విష రూపాలు పొర కొవ్వును కాల్చేస్తాయి. ఎండలో కొడితే గంటల్లోనే ఆకు వాడిపోవడానికి కారణం ఇదే. మనిషి ఒంట్లోకి వెళితే ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో ఉంచవద్దు, ఏ ఇతర సీసాలోకీ మార్చి పోయవద్దు.

పడిన వెలుగులో ఎంత శాతం నిలుస్తుంది?

పొర వరకే చూస్తే బాగానే ఉంటుంది. 680 నానోమీటర్ల ఎర్రటి ఫోటాన్లు ఒక మోల్‌కు 176 కిలోజౌళ్లు. ఎనిమిదికి 1,408. ప్రతిగా వచ్చే 2 ఎన్ఏడీపీహెచ్, 2.57 ఏటీపీల శక్తి కలిపితే సుమారు 570, అంటే 40 శాతం. పొలం మీద పడే మొత్తం ఎండతో పోలిస్తే మాత్రం వరి లాంటి సీ3 పంటల్లో సిద్ధాంతపరంగా గరిష్ఠం 4.6 శాతం, జొన్న లాంటి సీ4 పంటల్లో 6 శాతం దగ్గర. నిజంగా పొలంలో కనిపించేది అంతకన్నా చాలా తక్కువ.

పరీక్షలో ఈ అంశంపై ఎక్కువ తప్పులు ఎక్కడ?

మూడు చోట్ల. ప్రోటాన్లు చేరేది ల్యూమెన్‌లో, చాలామంది స్ట్రోమా అని గుర్తిస్తారు. ఏటీపీ తయారయ్యేది స్ట్రోమా వైపు, ఎందుకంటే సింథేజ్ తల అటువైపే ఉంటుంది, కాల్విన్ చక్రం నడిచేదీ అక్కడే. ఇక ఏటీపీ సింథేజ్ గ్రానా దొంతరల మధ్య ఇరుక్కుని ఉండదు, దాని పెద్ద తలకు అక్కడ చోటు చాలదు. దొంతర అంచుల్లోనూ, దొంతరలను కలిపే స్ట్రోమా పటలికల్లోనూ ఉంటుంది. మొదటి కాంతి వ్యవస్థ కూడా అక్కడే ఎక్కువ, రెండోది మాత్రం దొంతరల లోపలే ఎక్కువ. బొమ్మ వేసేటప్పుడు ఈ మూడూ సరిగ్గా పెడితే, బాణాలు వాటంతట అవే సరైన దారిలో పడతాయి.